అమ్మకు ఒకే రోజు రెండు గొట్టాలు వేస్తారట, కొత్త పరికరం పరీక్షకు ఒప్పుకోవాలా?

నర్సంపేట రోడ్డు – మంగళవారం, రాత్రి 9:20

అందరికీ నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె, నేను హనుమకొండలో ఉంటున్నాను. అమ్మకు 58 ఏళ్లు. నాలుగేళ్ల నుంచి ముద్ద దిగదు. మొదట్లో జొన్నరొట్టె ఆగేది, తర్వాత అన్నం, ఇప్పుడు ఒక్కోసారి నీళ్లు కూడా ఛాతీ మధ్యలో నిలబడిపోతున్నాయి. పడుకుంటే తిన్నది నోట్లోకి వస్తుంది, పొద్దున లేచేసరికి దిండు మీద మరక ఉంటుంది. 11 కిలోలు తగ్గింది. ఈ నాలుగేళ్లలో ఎక్కడ చూపించినా గ్యాస్ అన్నారు, పరిగడుపున వేసుకునే గోళీ రాసిచ్చారు. ఒక దవాఖానలో ఎండోస్కోపీ చేసి అంతా నార్మల్ అన్నారు, ఇంకోచోట టెన్షన్ తగ్గించుకోమన్నారు. మేడారం జాతరకు పోయినప్పుడు అందరం విస్తర్లు వేసుకుని కూర్చుంటే అమ్మ రెండు ముద్దలు తిని, చెట్ల చాటుకు పోయి కక్కుకుని వచ్చి, నాకు కడుపు నిండిందిరా అన్నది. ఆ మాట నా చెవుల్లోంచి పోవట్లేదు.

పోయిన వారం హైదరాబాద్‌లో చూపిస్తే అకలేసియా అనే అన్నవాహిక జబ్బు కావచ్చు, మానోమెట్రీ చేస్తే తేలుతుంది అన్నారు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి అన్నవాహికలో ఒత్తిడి చూసే పరీక్ష అది. అంతవరకు సరే. అయితే అక్కడే ఒక మేడమ్ వచ్చి, మానోమెట్రీకే కొత్త పరికరం ఒకటి తయారైంది, దాన్ని పరీక్షిస్తున్నాం, మీ అమ్మగారు ఒప్పుకుంటే అదే రోజు పాత గొట్టంతో ఒకసారి, కొత్తదానితో ఒకసారి చేస్తాం, డబ్బులు తీసుకోం, ప్రయాణ ఖర్చు మేమే ఇస్తాం అన్నారు. తొమ్మిది పేజీల కాగితం ఇచ్చారు, తెలుగులోనే ఉంది. రెండుసార్లు చదివాను. రెండు గొట్టాలు ఎందుకు? కొత్తది మంచిదైతే అదొక్కటే వేయొచ్చు కదా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఎనుమాముల – మంగళవారం, రాత్రి 9:48

వద్దు అన్నా. మనలాంటి వాళ్ల మీదనే చేస్తారు ఇవన్నీ. మా బావమరిదితో ఒక చోట మందు పరీక్ష అని చెప్పకుండానే సంతకం తీసుకున్నారు, తర్వాత అడిగితే మీరే ఒప్పుకున్నారు కదా అన్నారు. ప్రయాణ ఖర్చు ఇస్తాం అంటేనే అనుమానపడాలి. అమ్మకు మామూలు పరీక్ష చేయించుకుని వచ్చెయ్.

జనగామ ట్రేస్ – మంగళవారం, రాత్రి 11:05

నేను హైదరాబాద్‌లో మోటిలిటీ ల్యాబ్‌లో, అంటే అన్నవాహిక కదలికలు చూసే ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, ఈ గొట్టాలు వేయడమే నా పని. మీరు చెప్పిన చోట కాదు, ఆ పరికరంతో నాకు సంబంధం లేదు, అది ముందే చెబుతున్నాను.

మొదట ఎండోస్కోపీ నార్మల్ ఎందుకు వచ్చిందో చెప్తా, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. ఎండోస్కోపీ లోపలి గోడను కళ్లతో చూస్తుంది. పుండు, గడ్డ, ఇరుకు ఉంటే దొరుకుతాయి. అకలేసియా గోడ మీద ఉండే జబ్బు కాదు, గోడ లోపలి నరాల్లో ఉంటుంది. మనం మింగినప్పుడు అన్నవాహిక చివరి కవాటాన్ని వదులు చేసే నరకణాలు దెబ్బతింటాయి, కవాటం బిగుసుకునే ఉంటుంది, పైన ముద్దను కిందికి తోసే అల కూడా పోతుంది. మొదటి దశలో కెమెరాకు ఇదేమీ కనబడకపోవచ్చు. అలాగని ఎండోస్కోపీ వృథా కాదు, ఆ కవాటం దగ్గర క్యాన్సర్ గడ్డ ఉంటే అచ్చం ఇలాంటి లక్షణాలే వస్తాయి, అది లేదని తేల్చుకోవాల్సిందే.

ఇప్పుడు వాడే హై రిజల్యూషన్ మానోమెట్రీ గొట్టంలో సాధారణంగా 36 సెన్సర్లు సెంటీమీటరుకు ఒకటి చొప్పున ఉంటాయి. పేషెంటును వెల్లకిలా పడుకోబెట్టి 5 మిల్లీలీటర్ల నీళ్లు పదిసార్లు మింగిస్తాం, తర్వాత కూర్చోబెట్టి ఇంకో ఐదు. స్క్రీన్ మీద ఒత్తిడి రంగుల్లో కనబడుతుంది. ఆ బొమ్మను ఏ జబ్బుగా లెక్కేయాలో చెప్పే షికాగో వర్గీకరణ అని ఒకటి ఉంది, 2021లో వచ్చిన దాని నాలుగో వెర్షన్ ప్రకారం చదువుతాం. కవాటం ఎంత వదులైందో చెప్పే ఒక అంకె ఉంటుంది, ఐఆర్‌పీ అంటాం. ఇక్కడే మీ ప్రశ్నకు జవాబు ఉంది. పడుకుని మింగినప్పుడు ఒక కంపెనీ గొట్టంలో ఆ అంకె 15 దగ్గర హద్దు, ఇంకో కంపెనీ గొట్టంలో 22 దగ్గర. హద్దు దాటితే కవాటం సరిగా వదులు కావట్లేదని అర్థం. ఇద్దరూ కొలిచేది అదే కవాటాన్ని, సెన్సర్ల తయారీ వేరు కాబట్టి అంకె మారుతుంది. అలాంటప్పుడు కొత్త గొట్టం వచ్చి 18 చూపిస్తే అది జబ్బా, మామూలా? ఎవరికీ తెలియదు. తెలియాలంటే ఒకే మనిషికి, ఒకే రోజు, పాతదీ కొత్తదీ రెండూ వేసి చూడాలి. జబ్బు లేని ఆరోగ్యవంతులకు కూడా వేసి వాళ్ల అంకెలు ఎక్కడ ఉంటాయో చూడాలి. అందుకే రెండు గొట్టాలు.

కొత్తదొక్కటే వేసి దాని మీద మందు గానీ ఆపరేషన్ గానీ నిర్ణయిస్తామని వాళ్లు అని ఉంటే, నేనే ముందు వద్దనేవాణ్ణి.

మంథని ఆడబిడ్డ – బుధవారం, తెల్లవారుజాము 3:30

నేను ఇంగ్లండ్‌లో నర్సును, డ్యూటీ అయ్యాక రాస్తున్నాను. మీ అమ్మగారి సంగతి చదివి చాలా బాధేసింది, మా పెద్దమ్మ కూడా ఇలాగే ఏళ్లు గ్యాస్ గోళీలతో గడిపింది.

కొత్త పరికరాన్ని ఎలా పరీక్షిస్తారో ఇక్కడి ఉదాహరణ ఒకటి చెప్తాను. జబ్బు వేరే, మీ అమ్మగారిది కాదు. ఏళ్ల తరబడి గుండెల్లో మంట ఉన్నవాళ్లలో కొందరికి అన్నవాహిక కింది భాగంలో లోపలి పొర మారిపోతుంది, బారెట్స్ అంటారు. వాళ్లలో కొద్దిమందికి అది క్యాన్సర్ దాకా పోతుంది. దాన్ని పట్టడానికి కేంబ్రిడ్జ్‌లో రెబెకా ఫిట్జ్‌జెరాల్డ్ బృందం సైటోస్పాంజ్ అనే పరికరం చేసింది. దారం కట్టిన గోళీ మింగుతారు, కడుపులోకి పోయాక గోళీ పైపొర కరిగి లోపలున్న స్పాంజ్ మూడు సెంటీమీటర్ల ఉండలా విచ్చుకుంటుంది, కొన్ని నిమిషాలయ్యాక దారం పట్టి పైకి లాగేస్తారు. వచ్చేటప్పుడు దారి పొడవునా కణాలను తుడుచుకుని వస్తుంది. మత్తు అక్కర్లేదు, నర్సు చేయగలదు.

చూడటానికి ఎంత తేలికో, నిరూపించడానికి అంత పని పట్టింది. 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బెస్ట్ 3 పరీక్షలో 13 వేల మందికి పైగా ఉన్నారు. వాళ్లలో కొందరికే స్పాంజ్ ఇచ్చారు, 1,654 మంది మింగగలిగారు. 63 మందికి గొంతు నొప్పి వచ్చింది. ఒక్కరికి స్పాంజ్ దారం నుంచి ఊడిపోయి ఎండోస్కోపీతో తీయాల్సి వచ్చింది. ఆ ఒక్క సంగతి కూడా దాచకుండా రాశారు, నాకు ఆ పరికరం మీద నమ్మకం అక్కడే కుదిరింది. స్పాంజ్‌లో తేడా కనబడిన 221 మందికి ఎండోస్కోపీ చేస్తే 131 మందికి నిజంగానే జబ్బు ఉంది. అంటే 90 మందికి స్పాంజ్ అనుమానం చూపింది గానీ ఎండోస్కోపీలో ఆ జబ్బు దొరకలేదు. పరికరం మంచిదా కాదా అంటే ఒక్క మాటలో తేలదు తమ్ముడూ. ఉన్న జబ్బును ఎంతమందిలో పట్టింది, లేని జబ్బును ఎంతమందిలో ఉన్నట్టు చూపింది, రెండూ అడగాలి.

సింగరేణి పొద్దు – బుధవారం, ఉదయం 6:10

భూపాలపల్లి నుంచి, రిటైర్డ్ కార్మికుణ్ణి. నాకు పదిహేనేళ్ల ఛాతీ మంట, దగ్గు. యాసిడ్ ఎంత పైకి వస్తుందో 24 గంటల గొట్టం పెట్టి చూస్తే హద్దులోనే ఉందన్నారు. ఏడాది తర్వాత వైర్‌లెస్ క్యాప్సూల్ పెట్టించుకున్నాను. ఎండోస్కోపీ చేసి అన్నవాహిక గోడకు చిన్న క్యాప్సూల్ తగిలిస్తారు, నడుముకు కట్టుకున్న పెట్టెకు అది లోపలి యాసిడ్ లెక్క పంపుతూ ఉంటుంది. ముక్కులో ఏమీ ఉండదు, పనికి పోవచ్చు, తినొచ్చు. తిన్నప్పుడు, పడుకున్నప్పుడు, మంట వచ్చినప్పుడు బటన్ నొక్కాలి, పుస్తకంలో కూడా రాయాలి. అంతకు వారం ముందు నుంచి గ్యాస్ గోళీ ఆపమన్నారు, ఆ వారం నరకం చూశాను. రెండో రోజు మింగుతుంటే ఛాతీలో గుచ్చినట్టు ఉండేది. కొన్ని రోజులకు అదే ఊడి మలంలో పోయింది, నెల రోజులు ఎంఆర్‌ఐ వద్దన్నారు.

నాలుగు రోజుల లెక్కలో మొదటి రెండు రోజులు మామూలు. మూడో రోజు మనవరాలి పుట్టినరోజు, మిర్చి బజ్జీలు, రాత్రి పదకొండుకు అన్నం. ఆ రోజు యాసిడ్ లెక్క హద్దు దాటి చాలా పైకి పోయింది. 24 గంటలలో ఆరు శాతం సమయం దాటి యాసిడ్ ఉంటే జబ్బు కిందే లెక్క, నాలుగు లోపు ఉంటే లేనట్టు అని డాక్టర్ చెప్పాడు. ఒక్క రోజు పరీక్షకు దొరకనిది నాలుగు రోజులకు దొరికింది. ఎవరో నాకు ముందు ఆ క్యాప్సూల్ పెట్టించుకుని, నొప్పి ఎట్లుందో చెప్పి, లెక్కలు ఇచ్చి పోయారు కాబట్టే నాకు ఉపయోగపడింది. ఎనుమాముల తమ్మీ, నీ కోపం తప్పు అనట్లేదు. కానీ అందరం వద్దంటే కొత్తది ఎట్లొస్తది?

ఎనుమాముల – బుధవారం, ఉదయం 7:02

పెద్దాయనా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. మీరు పెట్టించుకున్నది అప్పటికే పాస్ అయింది. వాళ్ల అమ్మకు పెడతామంటున్నది ఇంకా పాస్ కాలేదు. 11 కిలోలు తగ్గిన మనిషికి, పరిగడుపున మూడు గంటలు ప్రయాణం చేయించి, రెండు గొట్టాలా?

హంటర్ రోడ్డు – బుధవారం, మధ్యాహ్నం 1:15

ఈ థ్రెడ్‌లో నా సంగతి కూడా అడగొచ్చా? మా బాబుకు 16. మటన్ ముక్క అడ్డం పడి రాత్రి పూట ఎమర్జెన్సీకి పరుగెత్తాం. అన్నవాహిక గోడ నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపితే ఇసినోఫిలిక్ ఈసోఫేజైటిస్ అన్నారు, అలర్జీ లాంటిదట. సూక్ష్మదర్శిని కింద ఒక్క ఫీల్డ్‌లో 15 ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు, అంతకంటే ఎక్కువ ఉంటే ఆ జబ్బు కిందికి వస్తుందట, మావాడికి 40 దాటాయి. పాలు మానేస్తే ఒకసారి, గోధుమ మానేస్తే ఒకసారి, తగ్గిందా లేదా చూడటానికి మళ్లీ మళ్లీ ఎండోస్కోపీ. మూడు అయ్యాయి. వాడు దవాఖాన పేరు చెబితేనే ఏడుస్తున్నాడు. దారం మింగి గంట ఉంచి తీసే పరీక్ష అమెరికాలో వచ్చిందని చదివాను. నిజమేనా?

జనగామ ట్రేస్ – బుధవారం, సాయంత్రం 6:40

హంటర్ రోడ్డు అక్కా, నిజమే. క్యాప్సూల్‌లో చుట్టిన దారం, ఒక కొస బుగ్గకు అంటిస్తారు, గంట తర్వాత లాగి, దారానికి అంటిన ఇసినోఫిల్ ప్రోటీన్లను కొలుస్తారు. మన ల్యాబ్‌లో నేను చూడలేదు. ముక్కులోంచి పోయే సన్నటి ఎండోస్కోప్ అయితే మత్తు లేకుండా చేయొచ్చు, 16 ఏళ్ల పిల్లవాడు సహకరిస్తాడు, మీ డాక్టర్‌ను దాని గురించి అడగండి. ప్రతిసారీ ముక్కలు తీయడం మాత్రం తప్పదు, అన్నవాహికలో వేర్వేరు చోట్ల నుంచి కనీసం ఆరు. ఈ జబ్బు మచ్చలు మచ్చలుగా ఉంటుంది, ఒక్క చోట తీస్తే తప్పిపోతుంది.

నర్సంపేట అన్నా, మీరు అక్కడ అడగాల్సినవి నా మనసులో ఉన్నవి రాస్తున్నా. ఏ గొట్టం ముందు అనేది చీటీ తీసి నిర్ణయిస్తారా? ఎందుకంటే రెండోసారికి ముక్కు, గొంతు మండుతుంటాయి, ఎప్పుడూ కొత్తదే ముందు వేస్తే దానికే మంచి పేరు వస్తుంది. రెండింటి మధ్య ఎంత విరామం? కొత్త గొట్టం లెక్క చదివేవాళ్లకు పాత గొట్టం ఫలితం ముందే తెలుస్తుందా? తెలిస్తే అది పరీక్ష కాదు. ఇంకా ముఖ్యం, జబ్బు బాగా ముదిరినవాళ్లనూ పూర్తి ఆరోగ్యవంతులనూ మాత్రమే తీసుకుంటున్నారా? ఆ రెండు రకాలను ఏ పరికరమైనా విడదీస్తుంది. మధ్యలో ఉండే అనుమానం కేసుల దగ్గరే పరికరం బలం బయటపడుతుంది.

అమ్మ బీపీ గోళీ వాడుతుంటే దాని పేరు కూడా చెప్పండి, కొన్ని రకాల బీపీ మందులు, గట్టి నొప్పి మాత్రలు ఈ కవాటం ఒత్తిడిని మారుస్తాయి. సొంతంగా ఆపకండి. ఇంకో మాట, అకలేసియా ఉన్నవాళ్ల అన్నవాహికలో నిన్నటి అన్నం కూడా ఉండిపోతుంది. ముందు రోజంతా పలచటి ద్రవాలే తాగించాలి.

హైదరాబాద్ పోయే ముందే బేరియం స్వాలో చేయించారా? ఎక్స్‌రే పరీక్షే, వరంగల్‌లోనే అవుతుంది. మామూలుగా కాకుండా టైమ్ పెట్టి తీయమనాలి. బేరియం తాగాక నిలబెట్టి 1, 2, 5 నిమిషాలకు ఫొటోలు. ఐదు నిమిషాలకు కూడా మందు కిందికి దిగకుండా నిలబడి, కింద పక్షి ముక్కులా సన్నబడితే సగం సంగతి తెలిసినట్టే. ఇంత పాత, తేలికైన పరీక్షను నాలుగేళ్లలో ఒక్కరూ రాయకపోవడం నన్ను బాధపెడుతుంది.

లష్కర్ బజార్ లాయర్ – బుధవారం, రాత్రి 8:30

మనుషుల మీద చేసే ఇలాంటి పరీక్షలకు అనుమతి ఇచ్చే ఒక ఎథిక్స్ కమిటీలో నేను న్యాయ సభ్యురాలిని. ఇలాంటి కమిటీలో డాక్టర్లే కాదు, చట్టం తెలిసినవాళ్లు ఒకరు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు తప్పనిసరిగా ఉండాలి. నాకు వచ్చిన ప్రతి కాగితాన్నీ మా అమ్మ చదివితే అర్థమవుతుందా అని చూస్తాను.

ఎనుమాముల గారి భయానికి మన దగ్గరే ఆధారం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు వేసిన హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో చాలామంది పిల్లల తరఫున హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010లో అది ఆగిపోయింది, 2013లో పార్లమెంటు కమిటీ ఆ పద్ధతిని గట్టిగా తప్పుపట్టింది. టీకా వేసుకున్న కొందరు పిల్లలు చనిపోయారు, ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు, అయినా తల్లిదండ్రులకు చెప్పకుండా సంతకం పెట్టడం తప్పే. ఆ తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి.

పరికరాలకు 2018 జనవరి 1 నుంచి మెడికల్ డివైసెస్ రూల్స్ అమల్లో ఉన్నాయి. కాగితంలో సీటీఆర్‌ఐ, అంటే దేశంలో జరిగే ఇలాంటి పరీక్షల రిజిస్టర్, నంబర్ ఉందో లేదో చూడండి. మొదటి పేషెంటును తీసుకోకముందే అక్కడ నమోదు కావాలి, ఆ వెబ్‌సైట్‌లో నంబర్ కొడితే ఎవరైనా చూడొచ్చు. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ ఉండాలి. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి, నష్టపరిహారం మాట కూడా రాసి ఉండాలి. ఎప్పుడైనా, మధ్యలో కూడా, కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు. సంతకం పెట్టిన కాగితం కాపీ మీకు ఇవ్వాలి. ప్రయాణ ఖర్చు ఇవ్వడం తప్పు కాదు, పేషెంటు జేబులోంచి పెట్టుకోకూడదనే అలా ఇస్తారు.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. సంతకం మీది కాదు, మీ అమ్మగారిది. ఆమెకు చదువు రాకపోతే సంబంధం లేని సాక్షి ఎదురుగా మొత్తం చదివి వినిపించాలి. మీరు ఒప్పుకోవాలా అని అడిగారు. ఆమెను అడిగారా?

నర్సంపేట రోడ్డు – బుధవారం, రాత్రి 10:55

అడగలేదు మేడమ్. మీరు రాసింది చదివాక సిగ్గేసింది. రేపు ఊరికి పోతున్నా.

నర్సంపేట రోడ్డు – తర్వాతి సోమవారం, రాత్రి 9:10

అందరికీ చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

తొమ్మిది పేజీలూ అమ్మకు చదివి వినిపించాను. మధ్యలో ఆపి రెండు అడిగింది. నొప్పి ఎట్లుంటది, వద్దనిపిస్తే ఎట్ల చెప్పాలె, నోరు తెరవలేను కదా. రెండోదానికి కాగితంలో జవాబు లేదు. ఆ మేడమ్‌కు ఫోన్ చేస్తే, చేయి పైకెత్తితే చాలు, వెంటనే తీసేస్తాం అన్నారు. సీటీఆర్‌ఐ నంబర్ కొట్టి చూశాను, ఉంది. పాత గొట్టం ఫలితం కొత్తది చదివేవాళ్లకు చూపరని కూడా చెప్పారు. బేరియం హనుమకొండలోనే చేయించాం, ఐదు నిమిషాలకు కూడా మందు కదలలేదు, ఆ ఫొటోలు తీసుకుపోయాం. పరిగడుపు ప్రయాణం గురించి చెబితే పదకొండు గంటల టైమ్ ఇచ్చారు, కాబట్టి పొద్దున బస్సులో ఉప్పల్ దాకా పోయి అక్కడి నుంచి ఆటోలో చేరుకున్నాం.

చీటీ తీస్తే పాత గొట్టం ముందు వచ్చింది. ముక్కులో మొద్దుబారే జెల్లీ రాశారు. వేసేటప్పుడు కళ్లలో నీళ్లు కారాయి, ఓకరింపు వచ్చింది, లోపలికి పోయాక కుదురుకుంది. పదిసార్లు, తర్వాత కూర్చుని ఐదుసార్లు మింగింది. గంట విరామం తర్వాత కొత్త గొట్టం. ఆరోసారి నీళ్లు మింగగానే అమ్మ చేయెత్తింది. ఒక్క మాట అనకుండా తీసేశారు. నాకు వాళ్లకు నష్టం చేశామేమో అనిపించి సారీ చెప్పబోతే ఆ మేడమ్ ఆపి, ఎంతమంది చివరిదాకా ఓర్చుకోలేకపోయారు అన్నది కూడా మేం కొలిచే లెక్కే అన్నా, మీ అమ్మగారి ఆరు మింగుళ్లూ, ఎత్తిన చేయీ రెండూ రిపోర్టులోకి వెళ్తాయి అన్నారు.

అకలేసియా, రెండో రకం. పాత గొట్టం లెక్కతోనే చెప్పారు. చికిత్సకు బాగా లొంగే రకం ఇదేనట. నోట్లోంచే కెమెరాతో పోయి కవాటం కండరాన్ని లోపలి నుంచి కోస్తారు, పోయెమ్ అంటారు, పై నెలలో డేట్ ఇచ్చారు. తర్వాత యాసిడ్ పైకి వచ్చే అవకాశం ఉంది, గోళీలు వాడాల్సి రావచ్చు అని ముందే చెప్పారు. కొత్త గొట్టం ఏం చూపించిందో మాకు చెప్పలేదు, చెప్పరని కాగితంలో ముందే ఉంది.

తిరుగు బస్సులో అమ్మ అన్నది, నాలుగేళ్ల నుంచి నేను చెప్పింది ఆ రంగుల బొమ్మలో కనబడ్డదిరా అని.

మంథని ఆడబిడ్డ – సోమవారం, రాత్రి 11:40

చదివి ఏడ్చేశాను. ఆపరేషన్ దాకా తల వైపు మంచం ఎత్తుగా పెట్టండి, రాత్రి తిన్న వెంటనే పడుకోనివ్వకండి, పడుకున్నప్పుడు వచ్చేది ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఎనుమాముల – మంగళవారం, ఉదయం 5:50

అన్నా, అమ్మ చేయెత్తగానే తీసేశారు అన్నది రెండుసార్లు చదివాను. మా బావమరిదికి ఆ రోజు అట్లా ఎవరూ చెప్పలేదు. ఆయనకు కూడా ఏడాది నుంచి రొట్టె తింటే ఛాతీలో ఆగుతుంది, నీళ్లు తాగి దించుకుంటున్నాడు, మేం గ్యాసే అనుకుంటున్నాం. బేరియం ఏమని రాయించుకోవాలి?

నర్సంపేట రోడ్డు – మంగళవారం, ఉదయం 6:15

టైమ్డ్ బేరియం స్వాలో అని డాక్టర్‌తో రాయించుకోండి, 1, 2, 5 నిమిషాలు అని అంకెలు కూడా వేయించండి, లేకపోతే ఒక్క ఫొటో తీసి పంపిస్తారు. ఎండోస్కోపీ కూడా తప్పకుండా చేయించండి. నేను ఈ రోజు హనుమకొండలోనే ఉన్నా, ఆయన్ని తీసుకుని రండి, వెంట వస్తాను.